కూతకు మోకాలు సిద్ధమేనా?

ఆపరేషన్ అయింది. నొప్పి పోయింది. నడక చక్కబడింది. లిగమెంట్ తెగిన మోకాలికి వ్యాయామాలు ఇక ఆపేయవచ్చా? మళ్లీ మైదానంలోకో, మామిడి తోటలోకో ఎప్పుడు పంపాలి? తిరువూరులో ఒక కుర్రాడి కాలు చెప్పిన జవాబు ఇది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం తిరువూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, రేపటితో ఆర్నెల్లు నిండుతున్నాయ్. చీటీలో రాశారుగా, ఆర్నెల్ల తర్వాత ఆడొచ్చని! సోమవారం నుంచి ప్రాక్టీసుకి పోతున్నా" అన్నాడు. జైలు నుంచి విడుదలవుతున్నవాడి గొంతు.

వాడికి ఇరవై రెండేళ్లు. ఊరి కబడ్డీ జట్టులో కూత వాడిదే. ఆ ఏడు సంక్రాంతి పోటీల్లో పాయింటు తీసుకుని వెనక్కి తిరుగుతుంటే ఎవరో చీలమండ దొరకబుచ్చుకున్నారు. పాదం నేలమీద బిగుసుకుపోయింది, ఒళ్లు మాత్రం గిర్రున తిరిగింది. లోపల టప్‌మన్న చప్పుడు వాడికి స్పష్టంగా వినిపించిందట. కాసేపటికే మోకాలు వాచిపోయింది. అందరిళ్లలో జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. ముందు నాటు కట్టు, మూడు వారాలు మంచం. కట్టు విప్పాక మెట్లు దిగుతుంటే మోకాలు ఉన్నట్టుండి జారిపోవడం మొదలైంది. అప్పుడు విజయవాడ వెళ్లారు, ఎంఆర్ఐ తీయించారు, లిగమెంట్ పూర్తిగా తెగిందని తేలింది. మార్చి మొదటి వారంలో ఆపరేషన్ చేశారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మందుల వివరాల కింద ఒక వాక్యం ఉంది: ఆరు నెలల తర్వాత ఆటలు ఆడవచ్చు.

ఈ కథనమంతా ఆ ఒక్క వాక్యం గురించే.

ఆదివారం నేను తిరువూరు వెళ్లాను. మా అక్క గుమ్మంలోనే నిలదీసింది. "శుభ్రంగా నడుస్తున్నాడు, బండి తోలుతున్నాడు, తోటకెళ్లొస్తున్నాడు. మళ్లీ ఆ ఫిజియో దగ్గరికెందుకురా? వెళ్లినప్పుడల్లా డబ్బులు, ఒక పూట పని పోవడం." నిజానికి వాడు మూడో నెలలోనే వెళ్లడం మానేశాడు. మామిడి కోతలు ముమ్మరంగా ఉన్న రోజులవి. కుంటు పోయింది, నొప్పి పోయింది, ఇంట్లో పని ఎదురుచూస్తోంది. అక్క తప్పేమీ లేదు. ఈ ఇల్లనే ఏముంది, ఎ.కొండూరు, విస్సన్నపేట, గంపలగూడెం, ఏ ఊళ్లో అడిగినా ఇదే మాట వినిపిస్తుంది. మంచి వసతులున్న ఆసుపత్రి కావాలంటే మైలవరం మీదుగా విజయవాడ దాకా పోవాలి. ఆపరేషన్‌కైతే అప్పోసప్పో చేసి ఒకసారి వెళ్లొస్తారు. ఆ తర్వాత నెలల తరబడి వారానికి రెండుమూడుసార్లు వెళ్లిరావడం ఎవరి తరం? అందుకే మన దగ్గర లిగమెంట్ వ్యాయామాలు చాలావరకు ముగియవు, మధ్యలో ఆగిపోతాయి. ముగించడానికీ మానేయడానికీ ఉన్న తేడా ఆ రోజు ఒక సుద్దగీత దగ్గర నాకు తెలిసింది.

సుద్దగీత, కొలతటేపు, ఒంటికాలు

ఊళ్లోనే ప్రాక్టీసు చేస్తున్న ఫిజియోథెరపిస్టు ఒకామె ఉన్నారు. చిన్న గది, రెండు మంచాలు, గోడకు వేలాడుతున్న రబ్బరు పట్టీలు. వీణ్ణి చూడగానే ఆమె "ఏం తమ్ముడూ, మామిడికాయలు కోయడం అయిందా?" అని అడిగారు. వాడు తల దించుకున్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. బోర్లా పడుకోమన్నారు. మోకాళ్ల దాకా మంచం మీద, కిందిభాగం అంచు బయట. రెండు మడమలూ ఒకే ఎత్తులో వేలాడాలి. కుడి మడమ కొంచెం పైకి ఉంది. స్కేలు పెట్టి చూస్తే రెండు సెంటీమీటర్లు. "ఒక సెంటీమీటరంటే సుమారు ఒక డిగ్రీ. నీ కాలు ఇంకా రెండు డిగ్రీలు చాపుకోవడం లేదు" అన్నారు. నడుస్తుంటే ఎవరికీ కనబడని తేడా అది. ఆ కాస్త తేడాతో కాలు ఎప్పుడూ రవ్వంత మడతలోనే ఉంటుంది, తొడ ముందు కండరానికి పూర్తిగా బిగుసుకునే అవకాశమే రాదు.

తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి మోకాలి చిప్ప పక్కన అరచేత్తో పైకి నిమిరారు, రెండోవైపు కిందికి నిమిరారు. ఖాళీ అయిన గుంటలోకి నీరు అలలా తిరిగొస్తే లోపల వాపు ఇంకా ఉన్నట్టు. రాలేదు. అదొక్కటే ఆ రోజు వాడికి దొరికిన శుభవార్త. మోకాల్లో నీరుంటే తొడ కండరానికి వెళ్లే నాడీ సంకేతాలను శరీరమే తగ్గించేస్తుంది. అలాంటప్పుడు ఎన్ని వ్యాయామాలు చేసినా కండరం పెరగడానికి ఒప్పుకోదు. వ్యాయామం చేసిన మర్నాడు మోకాలు ఉబ్బిందంటే మోతాదు మించిందని లెక్క.

ఆ తర్వాత వరండాలో సుద్దతో గీత గీశారు. తొక్కుడుబిళ్ళ ఆడినవాళ్లెవరికైనా ఈ పరీక్ష చప్పున అర్థమవుతుంది. ఒంటికాలి మీద నిలబడాలి, ఎంత దూరం గెంతగలిగితే అంత గెంతాలి, అదే కాలి మీద దిగి తూలకుండా నిలబడాలి. మంచి కాలు, ఎడమది, 152 సెంటీమీటర్లు. ఆపరేషన్ అయిన కుడి కాలు 139. దెబ్బతిన్న కాలి కొలతను మంచి కాలి కొలతతో భాగించి శాతం కడతారు. 91 వచ్చింది. ప్రపంచమంతా వాడుకలో ఉన్న హద్దు 90. వాడు నావైపు తిరిగి కళ్లెగరేశాడు.

ఆమె నవ్వలేదు. మమ్మల్ని పక్క వీధిలో ఉన్న జిమ్ముకు తీసుకెళ్లారు. కుర్చీలో కూర్చుని కాలితో బరువును పైకెత్తే యంత్రం ఉంటుందే, దాని మీద కూర్చోబెట్టారు. ఎడమ కాలు 40 కిలోలు ఎత్తింది. కుడి కాలు 26 దగ్గర వణికి ఆగిపోయింది. 65 శాతం.

ఒకే కాలు, ఒకే రోజు. గెంతులో నెగ్గింది, బలంలో ఓడింది. ఇదెలా సాధ్యమని అడిగాను. జవాబు నన్ను ఆశ్చర్యపరిచింది. ఖతార్‌లోని ఆస్పెటార్ క్రీడా ఆసుపత్రి పరిశోధకులు ఒంటికాలి గెంతును కెమెరాలతో విడదీసి చూశారు. ముందుకు గెంతేటప్పుడు ఒంటిని నెట్టే పనిలో మోకాలి వాటా ఎనిమిదో వంతు మాత్రమే. మిగతాదంతా తుంటి, చీలమండ మోస్తాయి. మోకాలు ఎగ్గొట్టిన పనిని పైదీ కిందిదీ పంచుకుని దూరం చూపించేస్తాయి. టేపు అబద్ధం చెప్పలేదు, మనం దాన్ని అడగాల్సిన ప్రశ్న అది కాదు. దూరం కంటే దిగడం చూడాలి. ఆమె సెల్‌ఫోన్‌లో తీసిన వీడియోను నెమ్మదిగా నడిపించి చూపించారు. దిగిన క్షణంలో కుడి మోకాలు లోపలివైపుకి, ఎడమ కాలివైపుకి, ఒరిగింది. లిగమెంట్ తెగేటప్పుడు మోకాలు ఉండే భంగిమ దాదాపు అదే.

చనిపోయి బతికే తాడు

ఏసీఎల్ అని డాక్టర్లు పొట్టిగా చెప్పే యాంటీరియర్ క్రూషియేట్ లిగమెంట్ మోకాలి నడిమధ్యలో ఉంటుంది. పొడవు మూడు సెంటీమీటర్లు, మందం మన చిటికెనవేలంత. కాలి ఎముక ముందుకు జారిపోకుండా, మోకాలు మెలిపడకుండా అదే పట్టి ఉంచుతుంది. కుర్రవాళ్లలో అది రెండు వందల కిలోల పైచిలుకు లాగుడుకు తట్టుకుంటుంది. పైగా అది వట్టి తాడు కాదు. దానిలో నాడీ తంతువులున్నాయి. కాలు ఎక్కడ, ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పేవాటిలో అవీ ఉన్నాయి. అది తెగితే తాడుతో పాటు కబురు కూడా తెగుతుంది.

తెగిన ఏసీఎల్ తనంతట తాను పాతరూపంలో అతుక్కోవడం అరుదు. అందుకే సాధారణంగా కుట్టరు, కొత్తది వేస్తారు. తొడ వెనుక నుంచో, మోకాలి చిప్ప కింది నుంచో తీసిన స్నాయువును గ్రాఫ్ట్‌గా ఎముకల్లో సొరంగాలు చేసి బిగిస్తారు. రోగికీ ఇంట్లోవాళ్లకూ ఎవరూ విడమరిచి చెప్పని సంగతి ఇక్కడే ఉంది. బిగించిన రోజు ఆ గ్రాఫ్ట్ గట్టిగానే ఉంటుంది. కానీ దానికి రక్తం అందదు. లోపలి కణాలు చాలావరకు చనిపోతాయి. కొత్త రక్తనాళాలు మెల్లగా పాకి, కొత్త కణాలు చేరి, స్నాయువుగా ఉన్నది లిగమెంట్‌గా మారాలి. ఈ మార్పులో ఆరో వారం నుంచి మూడో నెల దాకా గ్రాఫ్ట్ అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పి తగ్గిపోతుంది, వాపు తీస్తుంది, మనిషికి ధైర్యం వస్తుంది. మా వాడు మామిడి తోటలో నిచ్చెనెక్కింది అప్పుడే. ఏమీ కాలేదంటే అదృష్టమే. గ్రాఫ్ట్ పక్వానికి రావడం ఏడాది దాటినా సాగుతూనే ఉంటుంది. మన కండరం వేగంగా పెరిగినంత మాత్రాన లోపలి తాడు వేగంగా పెరగదు.

ఆర్నెల్ల మాట ఎక్కడిది?

1980ల దాకా ఈ ఆపరేషన్ తర్వాత కాలిని కదలనివ్వకుండా వారాల తరబడి బిగించి ఉంచేవారు. ఆటకు తిరిగి పంపడానికి ఏడాది పట్టేది. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో డొనాల్డ్ షెల్బోర్న్ అనే సర్జన్ ఒక విషయం గమనించారు. చెప్పిన మాట వినని రోగులు, అంటే ముందే కాలు చాపి, ముందే బరువు మోపి నడిచేసినవాళ్లు, బుద్ధిగా మంచం పట్టినవాళ్ల కంటే బాగున్నారు. మోకాలు బిగుసుకుపోలేదు, కండరం కరిగిపోలేదు. ఆయన, పాల్ నిట్జ్ కలిసి 1990లో ఈ అనుభవాన్ని ప్రచురించారు. వైద్యుల ఆలోచన అక్కడ మలుపు తిరిగింది. తొందరగా కాలు చాపించడం, తొందరగా నడిపించడం ప్రపంచమంతా పాకింది. అది చాలా మంచి మార్పు. మా వాడి మూడు వారాల నాటు కట్టు చేసిన చెరుపు తలచుకుంటే ఆ మార్పు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు ఉండరు. కట్టన్నది విరిగిన ఎముక కదలకుండా ఉంచడానికి. తెగిన లిగమెంట్ ఎముక కాదు.

అయితే తొందరగా నడిపించమన్న మాట వెంట తొందరగా ఆడించమన్న మాట కూడా వచ్చేసింది. నాలుగు నెలలు, అయిదు నెలలు, ఆరు నెలలు. ఆ అంకె డాక్టర్ల కాగితాల్లో పడిపోయింది. తర్వాత పాతికేళ్లలో లెక్కలు వేరేగా తేలినా చాలా కాగితాల్లో ఆ అంకె చెరగలేదు.

ఆ లెక్కల్లో బాగా చెప్పుకోదగ్గది 2016లో వచ్చింది. నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి 106 మందిని ఆపరేషన్ తర్వాత రెండేళ్లు గమనించారు. ఆటకు తిరిగి వెళ్లడం తొమ్మిది నెలల దాకా ఆలస్యం చేసిన ఒక్కో నెలకూ మళ్లీ మోకాలు దెబ్బతినే రేటు సగానికి, కచ్చితంగా చెప్పాలంటే 51 శాతం, తగ్గింది. గెంతి మెలితిరిగే ఆటలకు తిరిగి వెళ్లినవాళ్లలో, ముందే పెట్టిన పరీక్షలు నెగ్గనివాళ్లలో 38 శాతం మందికి మళ్లీ గాయమైంది. నెగ్గినవాళ్లలో 6 శాతం కన్నా తక్కువ. చిన్న సమూహమే, నెగ్గినవాళ్లు ఇరవైమంది కూడా లేరు. కానీ అదే ఏడాది ఖతార్‌లో 158 మంది వృత్తి క్రీడాకారుల మీద వచ్చిన పరిశీలనా అదే దిక్కు చూపింది. నిర్ణయించిన ఆరు కొలతలూ అందుకోకుండా వెళ్లినవాళ్లకు గ్రాఫ్ట్ తెగే ముప్పు నాలుగింతలు. 2020లో స్వీడన్ నుంచి వచ్చిన లెక్క కుర్రవాళ్ల గురించి. తొమ్మిది నెలల లోపు తీవ్రమైన ఆటలకు వెళ్లినవాళ్లలో రెండో గాయం రేటు దాదాపు ఏడు రెట్లు.

కాబట్టి నా అవగాహన ఇది. తొమ్మిది నెలలన్నది అర్హత కాదు, కనీస వయసు లాంటిది. పద్దెనిమిదేళ్లు నిండినంత మాత్రాన డ్రైవింగ్ లైసెన్సు చేతికి రాదు, బండి నడిపి చూపించాలి. మోకాలికీ రెండూ కావాలి.

మంచి కాలు నిజంగా మంచిదేనా?

ఫిజియో చెప్పిన మరో మాట నన్ను రాత్రంతా ఆలోచింపజేసింది. "అన్నయ్యగారూ, మేం కుడిని ఎడమతో పోల్చి శాతం కడుతున్నాం కదా. ఆర్నెల్ల నుంచి ఎడమ కాలు మాత్రం ఏం పరుగులు తీసింది?"

మంచం మీద పడుకున్నప్పుడు రెండు కాళ్లూ పడుకున్నాయి. మంచి కాలు చిక్కిపోతే, చిక్కిపోయిన దానితో పోల్చి దెబ్బతిన్నది 90 తెచ్చుకోవడం తేలిక. 2017లో అమెరికా పరిశోధకులు దీన్ని పట్టుకున్నారు. 70 మందిలో 40 మంది, రెండు కాళ్లనూ పోల్చే పద్ధతిలో 90 శాతం దాటి నెగ్గారు. అదే 70 మందిని ఆపరేషన్‌కు ముందు కొలిచిన మంచి కాలి బలంతో పోలిస్తే నెగ్గింది 20 మందే. సగం మంది గెలుపు ఉత్తిదన్నమాట.

దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఆపరేషన్‌కు ముందు రోజు మంచి కాలు ఎన్ని కిలోలు ఎత్తుతుందో, ఎంత దూరం గెంతుతుందో, బల్ల మీద నుంచి ఒంటికాలితో ఎన్నిసార్లు లేస్తుందో కొలిచి ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. మా వాడికి ఎవరూ కొలవలేదు. చదువుతున్నవాళ్లలో ఎవరైనా రేపోమాపో ఈ ఆపరేషన్‌కు వెళ్తుంటే దయచేసి ఈ పని ముందు చేయించుకోండి. పది నిమిషాల పని. ఆ కాగితం తొమ్మిది నెలల తర్వాత మీకు దొరికే అసలైన కొలబద్ద.

మనవాళ్లు ఎంత కాలం ఆగారు?

"జడేజా అయిదు నెలల్లో రాలేదా మావయ్యా?" అని మా వాడు అడగనే అడిగాడు. 2022 సెప్టెంబరులో మోకాలికి ఆపరేషన్ అయిన రవీంద్ర జడేజా మరుసటి ఏడాది జనవరిలో రంజీ ఆడాడు, నిజమే. మోకాలి ఆపరేషన్లన్నీ ఒకటి కావు. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఫిజియోలు, ట్రైనర్లు వెంట ఉండే మనిషి అయిదు నెలలూ, మూడో నెలలో ఫిజియోకు వెళ్లడం మానేసి నిచ్చెనెక్కిన మనిషి అయిదు నెలలూ ఒకటి ఎలా అవుతాయి?

రిషబ్ పంత్‌ను చూడండి. 2022 డిసెంబరు 30న కారు ప్రమాదం, కుడి మోకాలి లిగమెంట్లు దెబ్బతిన్నాయి. క్రికెట్ బోర్డు 2024 మార్చి 12న గానీ ఫిట్ అనలేదు. దాదాపు పద్నాలుగున్నర నెలలు. తిరిగి వచ్చాక తొలి అర్ధశతకం మన విశాఖపట్నంలోనే కొట్టాడు, మార్చి 31న, చెన్నై మీద 32 బంతుల్లో 51. ఆ రాత్రి స్టేడియంలో లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లు ఆ పద్నాలుగు నెలలకు కొట్టారు.

కబడ్డీలో పవన్ సెహ్రావత్. 2022 అక్టోబరులో ప్రొ కబడ్డీ సీజన్ తొలి మ్యాచ్‌లోనే మోకాలికి గాయమై ఆ సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. సరిగ్గా ఏడాదికి, 2023 అక్టోబరు 7న, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టుకు నాయకుడు అతనే. అదే నెలలో తెలుగు టైటాన్స్ 2.605 కోట్లు పెట్టి కొనుక్కుంది.

వీళ్లందరికంటే ముందు మన పుల్లెల గోపీచంద్. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన గోపీచంద్ 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ పడిపోయి మోకాలి లిగమెంట్ తెంచుకున్నారు. ఇరవయ్యేళ్ల వయసు. తొలి జాతీయ టైటిల్ 1996లో వచ్చింది. ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001 మార్చి 11న, బర్మింగ్‌హామ్‌లో చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి. ఆ మోకాలి చరిత్ర తెలిసిన వాళ్లకు ఏడేళ్ల దూరం ఎంతదో తెలుసు. మా వాడికి ఈ సంగతి చెబితే మొదటిసారి నోరెత్తకుండా విన్నాడు.

అందరికీ ఇలాంటి ముగింపు దొరకదు. ప్రపంచవ్యాప్త పరిశీలనలన్నీ కలిపి 2014లో లెక్క కడితే, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మళ్లీ ఏదో ఒక ఆట ఆడినవాళ్లు 81 శాతం, పోటీల స్థాయికి తిరిగి వెళ్లినవాళ్లు 55 శాతం. అలాగే అందరికీ ఆపరేషన్ కూడా అక్కర్లేదు. 2010లో స్వీడన్‌లో 121 మంది మీద చేసిన పరీక్షలో, ముందు వ్యాయామాలే చేయించి అవసరమైతేనే ఆపరేషన్ అన్న 59 మందిలో 36 మందికి రెండేళ్ల దాకా ఆ అవసరం రాలేదు. ఈ మాట చెప్పే డాక్టరు దొరికితే వదులుకోకండి.

బురదలో పరీక్ష ఎవరు పెడతారు?

ఈ పరీక్షలన్నీ ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్, స్కీయింగ్ ఆడేవాళ్ల కోసం తయారైనవి. తిరువూరులో లిగమెంట్ తెంచుకునేవాళ్లందరూ ఆటగాళ్లు కారు. బండి మీద నుంచి పడ్డవాళ్లున్నారు. నాట్లేసే ఆడవాళ్లున్నారు. బురదలో కాలు పిక్కల దాకా దిగబడి ఉంటుంది, చేతిలో నారు కట్ట, పక్కకు తిరగాలంటే నడుము తిరుగుతుంది గానీ పాదం తిరగదు. కబడ్డీలో చీలమండ పట్టుకున్నప్పుడు జరిగింది ఇదే కదా! అక్కడ పట్టుకున్నది మనిషి, ఇక్కడ పట్టుకున్నది నేల. కాపు కోసేవాళ్లు నిచ్చెన చివరి మెట్టు మీద ఒంటికాలితో ఒరిగి చెయ్యి చాపుతారు. పత్తి తీసేవాళ్లు సాళ్ల మధ్య రోజంతా వంగి, గొంతుక్కూర్చుని లేస్తారు. గంప నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడవడం కన్నా గట్టి పరీక్ష ఏ ప్రయోగశాలలో ఉంది?

అలాంటివాళ్లను "ఆటలేమీ ఆడరు కదా, నడుస్తున్నారు కదా" అని మూడో నెలలోనే పంపించేయడం అన్యాయమని నా గట్టి నమ్మకం. మైదానంలో నలభై నిమిషాలు ఆడేవాడికి తొమ్మిది నెలల పరీక్షలు, పొలంలో ఎనిమిది గంటలు పనిచేసే మనిషికి ఒక్క పరీక్షా లేదా? వాళ్లకు వాళ్ల పనే పరీక్ష కావాలి. పూర్తిగా గొంతుక్కూర్చుని చేతి సాయం లేకుండా లేవగలరా? ఇసుకలోనో మెత్తటి మట్టిలోనో మలుపు తిరిగితే మోకాలు జారుతోందా? పని మొదలుపెట్టిన మొదటి వారం సాయంత్రాల్లో వాపు వస్తోందా? మా ఫిజియో ఒకామెతో నీళ్ల బిందె ఎత్తించి వరండా మెట్లు ఎక్కించి దించడం నేను కళ్లారా చూశాను. ఆ పద్ధతి ఏ పుస్తకంలోదో నేనడగలేదు. ఆమెకు ఆ పేషెంటు రోజువారీ పని ఏమిటో తెలుసు, అంతే.

లోపలి భయం

చివరికి అడగాల్సింది ఒకటుంది, అది టేపుకీ తూకానికీ అందదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో పన్నెండు ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. మోకాలు మళ్లీ పోతుందేమోనన్న బెదురు, కాలి మీద నమ్మకం, ఆట మధ్యలో దృష్టంతా మోకాలి మీదకే పోవడం, ఇలాంటివి అడిగి వందకు లెక్క కడతారు. ఫిజియో ఆ ప్రశ్నలను తెలుగులో ఒక్కొక్కటే అడిగారు. గెంతులో కళ్లెగరేసిన కుర్రాడు ఇక్కడ తడబడ్డాడు. "ఎవరైనా వెనకనుంచి పట్టుకుంటారేమోనని..." అని ఆగిపోయాడు. సంక్రాంతి నుంచి ఆ మాట వాడు ఇంట్లో ఎవరితోనూ అనలేదు. మేం అడగనూ లేదు. భయపడే ఆటగాడు పట్టు పడ్డప్పుడు బిగుసుకుపోతాడు, బిగుసుకున్న కాలే మళ్లీ తెగుతుంది. ఈ భయానికి మందు కూడా వ్యాయామమే. ముందు ఒక్కడితో నెమ్మదిగా, తర్వాత ఇద్దరితో, తర్వాత నిజం పట్టు.

ఆ సెప్టెంబరు నుంచి వాడు వారానికి మూడు రోజులు జిమ్ముకు, ఒక రోజు ఫిజియో దగ్గరికి వెళ్లాడు. డిసెంబరులో, తొమ్మిది నెలలు నిండాక, మళ్లీ సుద్దగీత. మడమల తేడా పోయింది. గెంతు 155కి 150. బలం 42కి 36, అంటే 86 శాతం. వీడియోలో మోకాలు ఇంకా కొంచెం లోపలికే ఒరుగుతోంది. ఇంకో నెలలో సంక్రాంతి. జట్టంతా ఇంటి ముందుకొచ్చింది. "ఒక్క కూతేరా, ఒక్క కూత!" అన్నారు. తుది మాట సర్జన్‌దా, ఫిజియోదా, వాడిదా అన్న చర్చ మా ఇంట్లో రెండు రోజులు నడిచింది. ముగ్గురిదీ. అంకెలు ఫిజియో చెప్పారు, గ్రాఫ్ట్ పట్టు చూసి సర్జన్ సరేనన్నారు, ఆగుతానన్నది మాత్రం వాడే.

పోటీలు పెట్టే ఊరి పెద్దలకూ, జట్ల కెప్టెన్లకూ ఒక్క విన్నపం. మోకాలి ఆపరేషన్ అయిన కుర్రాడిని బరిలోకి దించేముందు ఎన్ని నెలలైందని మాత్రమే అడగకండి, రెండు కాళ్ల కొలతలు అడగండి. సర్జన్లకు ఇంకో విన్నపం. ఇంటికి పంపే కాగితంలో నెలల పక్కన ఆ కొలతలు కూడా రాయండి.

ఆ సంక్రాంతికి మా వాడు స్కోరు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఫిబ్రవరిలో పెట్టిన పరీక్షలో బలం 43కి 40, గెంతు 158కి 151. దిగినప్పుడు మోకాలు పాదం మీదే నిలిచింది. మార్చి రెండో వారంలో, ఆపరేషన్ అయిన ఏడాదికి, తిరువూరులో ప్రాక్టీసు మ్యాచ్‌లో కూతకు వెళ్లాడు. మూడో కూతలో చీలమండ పట్టుకున్నారు. లాక్కుని గీత దాటొచ్చాడు.